హోటల్ క్రెడిట్ కార్డు గిట్టుబాటేనా? అపోహలు - వాస్తవాలు

హోటల్ గొలుసు (ఒకే సంస్థ కింద నడిచే హోటళ్లు) బ్యాంకుతో కలిసి ఇచ్చే కార్డు ఇది. దీంతో ఖర్చు పెట్టే కొద్దీ ఆ హోటళ్లలో గదికి వాడుకునే పాయింట్లు వస్తాయి.

అపోహ: ఏటా ఒక రాత్రి ఉచితం కాబట్టి వార్షిక ఫీజు తిరిగొచ్చేసినట్టే.

వాస్తవం: ఫీజుతో పోల్చాల్సింది హోటల్ చూపించే అద్దెను కాదు. కార్డు లేకపోతే ఆ రాత్రికి మీరు ఎంత ఖర్చు పెట్టేవారో దాన్ని. మామూలుగా ఆ హోటల్ అద్దెలో సగానికే దొరికే గదిలో దిగేవారైతే మీకు మిగిలింది ఆ సగమే. ఆ ఉచిత రాత్రికి ఇచ్చే సర్టిఫికెట్‌కి షరతులూ ఉంటాయి. మారియట్ హోటళ్ల పాయింట్ల పథకమైన మారియట్ బాన్‌వాయ్ సర్టిఫికెట్లకు పాయింట్ల పరిమితి ఉంటుంది. గది అంతకు మించితే కొంతవరకు సొంత పాయింట్లు కలపొచ్చు, తక్కువైతే మాత్రం తేడా వెనక్కి రాదు. గడువు సాధారణంగా ఏడాదే. ఆలోగా బుక్ చేస్తే చాలా, బస కూడా అయిపోవాలా అన్నది ముందే చదవండి. ఆ ఒక్క వాక్యం చూడకే సర్టిఫికెట్ పోగొట్టుకుంటారు.

అపోహ: లక్ష పాయింట్ల స్వాగత బోనస్ అంటే పెద్ద మొత్తమే.

వాస్తవం: పాయింటు విలువ తేలకుండా ఆ అంకెకు అర్థం లేదు. లెక్క ఇలా వేయాలి. డబ్బు కట్టి దిగితే పన్నులు, రిసార్ట్ ఫీజు (అద్దెకు అదనంగా కొన్ని హోటళ్లు వేసే రుసుము) కలిపి బిల్లు 12,000 అనుకుందాం. పాయింట్లతో దిగినా రిసార్ట్ ఫీజు 1,000 కట్టాలి, అడిగే పాయింట్లు 40,000. ఆదా అయ్యేది 11,000. డబ్బు కట్టి ఉంటే 4,000 పాయింట్లు వచ్చేవి, ఇప్పుడు రావు. కాబట్టి 11,000ను 44,000తో భాగించాలి. పాయింటు విలువ 0.25. మీరు నిజంగా వెళ్లే ఊళ్లలో, వెళ్లే తేదీల్లో మూడు నాలుగు హోటళ్లకు ఇలా వేసి చూస్తేనే కార్డు అసలు సంగతి తెలుస్తుంది. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో స్థిరమైన పాయింట్ల పట్టికను వదిలేశాయి. రద్దీ పెరిగితే అడిగే పాయింట్లూ పెరుగుతాయి. అందుకే పాయింట్లను ఏళ్ల తరబడి దాచడం మంచిది కాదు.

అపోహ: అన్ని ఖర్చులూ ఈ కార్డు మీదే పెట్టాలి.

వాస్తవం: పై లెక్కలో, 100 ఖర్చుకు 3 పాయింట్లిచ్చే కార్డు ఇస్తున్నది 0.75 శాతమే. ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇచ్చే సాదా కార్డు దానికంటే నయం. అదే హోటల్ గొలుసులో 100కు 10 పాయింట్లొస్తే 2.5 శాతం. అక్కడ మాత్రం ఇదే గీయండి. బాకీ మిగిల్చి వడ్డీ కడితే ఈ లెక్కలన్నీ వృథా.

అపోహ: కార్డుతో వచ్చే గోల్డ్ హోదాకు (హోటల్ గొలుసు తన సభ్యులకిచ్చే స్థాయి) టిఫిన్ ఉచితం.

వాస్తవం: గొలుసును బట్టి ఉంటుంది. మారియట్‌లో గోల్డ్‌కు లేదు, దానికంటే పైదైన ప్లాటినమ్ నుంచి చాలా బ్రాండ్లలో ఉంది. గోల్డ్‌కిచ్చే మధ్యాహ్నం 2 గంటల చెకౌట్ కూడా గది ఖాళీ ఉంటేనే. ట్రావెల్ సైట్లలో బుక్ చేస్తే సాధారణంగా పాయింట్లు రావు, హోదా సౌకర్యాలకూ హామీ ఉండదు.

అపోహ: పాయింట్లతో రాత్రికో రేటే, ఎన్ని రాత్రులైనా అంతే.

వాస్తవం: మారియట్‌లో పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు ఒకే బుకింగ్‌లో తీసుకుంటే అతి తక్కువ పాయింట్లున్న రాత్రి ఉచితం. విడివిడిగా బుక్ చేస్తే ఇది పోతుంది.

అపోహ: కార్డు మూసేస్తే పాయింట్లు పోతాయి.

వాస్తవం: హోటల్ ఖాతాలో ఇప్పటికే జమైన పాయింట్లు మామూలుగా అక్కడే ఉంటాయి. ఇంకా జమకాని పాయింట్లకే ముప్పు. కాబట్టి చివరి స్టేట్‌మెంట్ పాయింట్లు చేరాయని చూసుకున్నాకే, తర్వాతి ఏడాది ఫీజు పడకముందే మూసివేతకు అడగండి. ఫీజు తక్కువ ఉన్న కార్డుకు మారుస్తారేమో కూడా అప్పుడే అడిగి చూడండి.