పాత మోడల్ బాస్కెట్‌బాల్ షూలు: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు ట్రంక్ రోడ్డు పక్క సందులో షూలు శుభ్రం చేసి, బాగుచేసే పని నాది. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తొడగకుండా పెట్టెలో దాచుకుంటే ఎప్పటికీ కొత్తగానే ఉంటాయి.

వాస్తవం: ఎక్కువ జతలు పాడయ్యేది ఇలాగే. కావలి నుంచి ఒక కుర్రాడు పదేళ్ల నాటి జోర్డాన్ 4 (నైకీ కంపెనీ బాస్కెట్‌బాల్ షూ మోడల్) జత తెచ్చాడు. "ఒక్కసారి కూడా తొడగలేదన్నా" అన్నాడు. పైన తోలు నిగనిగలాడుతోంది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కాను. తడిసి ఆరిన రస్కులా పొడిపొడిగా రాలిపోయింది. ఆ పిల్లాడి మొహం చూడలేకపోయాను.

1988లో మొదటిసారి వచ్చిన జోర్డాన్ 3, మరుసటి ఏడు వచ్చిన 4, వీటి సోల్ మధ్య పొర పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగు. గాలిలోని తేమ దాన్ని లోలోపలే విరిచేస్తుంది. మనదేమో సముద్రపు గాలి. ఒకసారి పొడి అయ్యాక ఏ జిగురూ పట్టదు, సోల్ మార్చాల్సిందే. అప్పుడప్పుడూ తొడిగే జతలే ఎక్కువకాలం నిలవడం నేను చూస్తున్నాను. దాచేటప్పుడు బిగుతైన ప్లాస్టిక్ కవర్లో చుట్టకండి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి పాతబడగానే మార్చండి. 1985 నాటి జోర్డాన్ 1కి గిన్నెలా అంచులు పైకి లేచిన రబ్బరు సోల్ కాబట్టి దానితో ఈ బెంగ తక్కువ.

అపోహ: మెత్తగా ఉంటేనే సుఖం.

వాస్తవం: నైకీ డిజైనర్ బ్రూస్ కిల్‌గోర్ గీసిన ఎయిర్ ఫోర్స్ 1 షూ వచ్చింది 1982లో. మడమ కింద గాలి సంచి ఉన్నా అడుగు గట్టిగానే తగులుతుంది. అయినా వెడల్పైన ఆ సోల్ మీద పాదం ఊగదు. బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడేవాళ్లకు నేను ధైర్యంగా చెప్పే జత ఇదే. మొదటి వారం తోలు కరుస్తుంది, మందపాటి సాక్స్ వేసుకుని ఇంట్లో తిరగండి. పొద్దున్నే పరుగుకు మాత్రం వద్దు, బరువెక్కువ.

అపోహ: తెల్ల షూలను ఎండలో పెడితే ఇంకా తెల్లబడతాయి.

వాస్తవం: పసుపెక్కుతాయి. నీడలోనే ఆరబెట్టండి.

అపోహ: పాత చెప్పు సైజు చెబితే చాలు.

వాస్తవం: ఎయిర్ ఫోర్స్ 1 కాస్త వదులుగా వస్తుంది, చాలామందికి అర సైజు తక్కువే సరిపోతుంది. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. కాబట్టి సాయంత్రం పూట సాక్స్‌తో వెళ్లి, రెండు కాళ్లకూ తొడిగి, షాపులో నాలుగడుగులు నడిచి చూసి కొనండి.