కలిపి రెండుతో భాగిస్తే సగటు మార్పు రేటు వచ్చేయదు

ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ పిల్లల పేపర్లు దిద్దే ఎవరినైనా అడగండి, ఈ తప్పు చెప్పకుండా ఉండరు. సగటు మార్పు రేటు కట్టమంటే గ్రాఫ్‌లో ముక్కముక్కకీ వాలు (నిలువు మార్పుని అడ్డం మార్పుతో భాగిస్తే వచ్చేది) తీసి, అన్నీ కలిపి, ఎన్ని ముక్కలుంటే అంతతో భాగించేస్తారు. సూత్రం కంఠతా వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే పడుతున్నారు.

అపోహ: సగటు మార్పు రేటు అంటే వాలుల సగటు.

వాస్తవం: కాదు. మొత్తం మార్పుని మొత్తం అంతరంతో, అంటే ఎక్స్ మొదటి నుంచి చివరికి ఎంత మారిందో దానితో, భాగించాలి.

ఆదివారం పొద్దున్నే బైక్ మీద ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లారనుకోండి. లెక్క తేలిగ్గా ఉండడానికి దూరం 24 కిలోమీటర్లు అనుకుందాం. రోడ్డు ఖాళీ, గంటకి 60 చొప్పున 24 నిమిషాల్లో చేరారు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు రుషికొండ దగ్గర జనమే జనం. గంటకి 30 చొప్పున 48 నిమిషాలు పట్టింది. వేగమంటే దూరం మారే రేటే. మరి రానూపోనూ సగటు వేగం ఎంత? 45 అనేస్తారు. గంటకి 45 చొప్పున 72 నిమిషాలు నడిపితే 54 కిలోమీటర్లు తిరగాలి. బండి మీటర్లో తిరిగింది 48. మిగతా 6 సముద్రం మీద నడిపారా? 48ని 1.2 గంటలతో భాగించండి, 40 వస్తుంది. 30 వేగంతో రెట్టింపు సేపు ఉన్నాం కాబట్టి సగటు అటువైపే లాగింది.

ఇంత తప్పు పద్ధతి ఇన్నాళ్లు ఎలా బతికింది? అప్పుడప్పుడు సరైన జవాబు ఇస్తుంది కాబట్టి. ఎక్స్ స్క్వేర్‌కి 1 నుంచి 4 దాకా ఒక్కో యూనిట్‌కి వాలు తీస్తే 3, 5, 7. సగటు 5. నేరుగా చేసినా (16 − 1) ÷ (4 − 1) = 5. ముక్కలు సమానం గనక కలిసొచ్చింది. అదే అంతరాన్ని 1–2, 2–4 అని కోసి చూడండి. వాలులు 3, 6. వాటి సగటు 4.5, తప్పు. రెండో ముక్క వెడల్పు 2 కాబట్టి ఆ 6ని రెండుసార్లు వేయాలి: (3 + 6 + 6) ÷ 3 = 5.

‘రెండు చివర్లా అవకలజం (సరిగ్గా ఆ బిందువు దగ్గర వాలు) కట్టి సగటు తీయండి’ అని వాట్సాప్‌లో తిరిగే షార్ట్‌కట్ ఇంకో తలనొప్పి. ఎక్స్ స్క్వేర్ లాంటి వర్గ ప్రమేయాలకి అది ఎప్పుడూ సరిపోతుంది, అందుకే నమ్మేస్తారు. ఎక్స్ క్యూబ్‌కి 0 నుంచి 2 దాకా వేస్తే చివర్లలో 0, 12, సగటు 6. అసలు జవాబు 8 ÷ 2, అంటే 4.

మిగతా అపోహలు పెద్దవి కావు. సగటు మార్పు రేటు సున్నా అయితే మధ్యలో ఏమీ మారలేదని కాదు. మన విశాఖ హార్బర్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఆ మొత్తానికి నీటిమట్టం సగటు మార్పు దాదాపు సున్నాయే, కానీ నీళ్లు దిగి మళ్లీ ఎక్కాయి. వాలు 1 అంటే 45 డిగ్రీలు, నిజమే. వాలు 2 అంటే 90 కాదు, 63.4 దగ్గర. రెండు అక్షాల స్కేలు వేరైతే గ్రాఫ్ మీద కోణమాని పెట్టడమే దండగ. అడ్డగీత వాలు సున్నా. నిలువుగీతకి సున్నా అని రాయకండి, దాని వాలు నిర్వచితం కాదు.

‘మావాడు లెక్కల్లో వీక్’ అని బెంగపడే అమ్మానాన్నలు ఒకసారి నోట్సు తెరిచి చూడండి. చాలాసార్లు పోయేది గుర్తు దగ్గరే. (2, 7), (5, 1) బిందువులిస్తే పైన 7 − 1, కింద 5 − 2 వేసి 2 అంటారు. పైన ఏ బిందువుతో మొదలెడితే కిందా దానితోనే మొదలెట్టాలి: (1 − 7) ÷ (5 − 2) = −2. ఇక ఎక్స్ విలువ −3 అయితే బ్రాకెట్ తప్పదు. 2 − (−3) అని రాస్తే 5. బ్రాకెట్ ఎగరగొట్టి 2 − 3 అని రాస్తే −1, అక్కణ్ణుంచి కింది లైన్లన్నీ తప్పే.