శ్రీశైలం రోడ్డు మీద ఆగిన కార్లు

మొన్న ఎండాకాలంలో శ్రీశైలం వెళ్తుంటే వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో నాలుగైదు కార్లు ఆగి ఉన్నాయి. యాక్సిడెంటేమోనని మేమూ స్లో చేశాం. తీరా చూస్తే కోతులకు అరటిపళ్లు పెడుతున్నారు. ఒక కారులోంచి పిల్లలు చిప్స్ ప్యాకెట్ విసిరారు. పొట్టకు పిల్ల కరుచుకుని ఉన్న ఒక తల్లి కోతి దాన్ని పళ్లతో చింపి, లోపలివి తినేసి, కవర్‌కి అంటిన మసాలా నాకి, చివరికి ఆ వెండిరంగు కవర్నే నమలడం మొదలుపెట్టింది. దాని ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుపోయి ఉంది, ఏ బండి కిందో పడి బతికి ఉంటుంది. పెట్టేవాళ్లలో ఒక పెద్దావిడ మాత్రం ప్రతి పండూ కళ్లకద్దుకుని ఇస్తోంది. ఆంజనేయస్వామికి పెట్టినట్టే అనుకుంటోంది ఆవిడ, ఆ భక్తిలో కల్తీ లేదు. అందుకే ఇలా పెట్టడం అడవికి చేటని కోపంగా కాకుండా నిదానంగా చెప్పాలనిపించింది.

అడవిలో కోతికి ఒక పని ఉంది. పండు తినేటప్పుడు గింజల్ని బుగ్గసంచుల్లో దాచుకుని దూరం వెళ్లి ఉమ్మేస్తుంది, కొన్ని మింగి ఇంకెక్కడో విసర్జిస్తుంది. తల్లిచెట్టు నీడ దాటి మొలవడానికి ఆ గింజలకు దొరికే ప్రయాణం అదే. పశ్చిమ బెంగాల్‌లోని బక్సా టైగర్ రిజర్వ్‌లో రోడ్డు పక్కన జనం తిండి పెట్టే కోతుల్ని పరిశోధకులు గమనించి 2015లో ఒక పేపర్ వేశారు. తిండి దొరికే రోజుల్లో ఆ కోతులు తక్కువ తిరిగాయి, అడవి పళ్లు తక్కువ తిన్నాయి, వాటి ద్వారా చెదిరే గింజలు తగ్గాయి, చెదిరినవాటిలో కూడా చాలా గింజలు తారురోడ్డు మీదే పడ్డాయి. తారు మీద ఏం మొలుస్తుంది? మనం పెట్టే ఒక్క అరటిపండు ఒక కోతి అలవాటును మార్చడంతో ఆగదు, రాబోయే చెట్ల దాకా వెళ్తుంది.

టైగర్ రిజర్వ్‌లో టూరిజం అనగానే మనకు సఫారీ జీపులే గుర్తొస్తాయి. 2012 జులైలో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల కోర్ ఏరియాల్లో, అంటే పులుల కోసమే కేటాయించిన లోపలి అడవిలో, టూరిజాన్ని తాత్కాలికంగా ఆపేసింది, అక్టోబర్‌లో కొత్త మార్గదర్శకాలు వచ్చాక మళ్లీ అనుమతించింది. వాటి ప్రకారం కోర్‌లో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదు, కొత్త కట్టడాలు కట్టకూడదు. జీపు ఎక్కినవాళ్లు మధ్యలో దిగకూడదు, దారి తప్పకూడదు, పక్కన గైడ్ ఉంటాడు. బాగానే ఉంది. కానీ మన నల్లమలలో, ముఖ్యంగా 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ రిజర్వ్‌లో, సఫారీకి వచ్చేవాళ్లు ఎంతమంది? మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి శ్రీశైలానికి వెళ్లేవాళ్లు ఎంతమంది? పోలికే లేదు. అసలు టూరిస్టులం మనమే. దర్శనానికో డ్యామ్ చూడ్డానికో పోతున్నాం కాబట్టి మనల్ని మనం టూరిస్టులుగా లెక్కేసుకోం, అందుకే జీపులో పాటించే ఏ క్రమశిక్షణా కారులో గుర్తుకు రాదు.

సరే, ఆగితే ఏమవుతుంది, చూసి వెళ్లిపోతాం కదా అంటారు. దానికి జవాబు మన హైదరాబాద్‌లోనే, అత్తాపూర్‌లో ఉంది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకి చెందిన లాకోన్స్ అనే ల్యాబ్ అది, అంతరించిపోతున్న జీవుల మీద పనిచేస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు కన్హా, బాంధవ్‌గఢ్ అడవుల నుంచి పులుల మలం తెచ్చి పరీక్షించారు. ఎందుకంటే టెన్షన్ పడ్డప్పుడు కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ లాంటి హార్మోన్లు వదులుతాయి (మనకైనా పులికైనా అంతే), శరీరం వాడుకున్నాక వాటి అవశేషాలు మలంలో బయటికొస్తాయి. అంటే పులికి మత్తుసూది ఇవ్వకుండా, దాని కంట పడకుండా, అది ఎంత ఒత్తిడిలో ఉందో కొలవచ్చు. 2019లో వచ్చిన ఆ ఫలితాలు సూటిగా ఉన్నాయి. పార్కులో జనం తిరిగే సీజన్‌లో ఈ అవశేషాలు ఎక్కువగా, వానాకాలంలో గేట్లు మూసిన నెలల్లో తక్కువగా ఉన్నాయి. బండ్లూ జనమూ పెరిగేకొద్దీ అవీ పెరిగాయి.

కాసేపటి టెన్షన్ మంచిదే, ప్రాణం కాపాడుతుంది. రోజూ అదే అయితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది, పిల్లల్ని కనడం, పెంచడం దెబ్బతింటాయి. జీపు పక్కన దర్జాగా పడుకున్న పులి ఫొటో చూసి "దానికి అలవాటైపోయింది" అంటాం. పైకి కదలకపోయినంత మాత్రాన లోపల అంతా మామూలుగా ఉన్నట్టు కాదు.

ఇలాంటిదే కెన్యాలోని మసాయి మారాలో ఇంకా స్పష్టంగా కనిపించింది. అక్కడ చీతాల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, టూరిస్టు బండ్లు ఎక్కువ తిరిగే చోట ఒక్కో ఈతలో బతికి పెద్దయిన పిల్లలు సగటున 0.2. బండ్లు తక్కువ తిరిగే చోట 2.3. చీతా పగటిపూట వేటాడే జంతువు, మనం చూడ్డానికి వెళ్లేదీ అప్పుడే. ఒక వేట చెడిందంటే ఆ పూట పిల్లలు పస్తు.

నల్లమలలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది నీళ్ల సంగతి. చైత్ర పౌర్ణమికి అడవి లోయలో ఉన్న శివుడి గుడి దగ్గర సలేశ్వరం జాతర, ఉగాదికి శ్రీశైలానికి కన్నడ భక్తుల పాదయాత్ర, రెండూ ఎండలు ముదిరే రోజుల్లోనే. వాగులెండి అక్కడక్కడ మడుగులు మాత్రమే మిగిలే కాలం అది. మనకూ దాహం వేసేది అక్కడే, దుప్పికీ ఎలుగుబంటికీ దిక్కు అక్కడే. వేల మంది లోయలోకి దిగుతుంటే అవి నీళ్ల దగ్గరికి ఎలా వస్తాయి? జాతర ఆపెయ్యమనడం లేదు, ఆ దేవుడు చెంచుల దేవుడు, ఆ అడవి వాళ్లది. బయటి నుంచి వెళ్లే మనం పగలు వెళ్లి పగలే తిరిగొచ్చేస్తే కనీసం రాత్రయినా ఆ మడుగు జంతువులకు దక్కుతుంది.

టూరిజమే వద్దనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. బైర్లూటి దగ్గర క్యాంపులో, ఫర్హాబాద్ సఫారీలో చెంచు యువకులు పనిచేస్తున్నారు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎటు పోయిందో చెప్పే విద్య వాళ్లకు పుట్టుకతో వచ్చింది, దానికి జీతం వచ్చే దారి ఇంతకంటే మర్యాదైనది నాకు తోచలేదు. పైగా మనుషులు తిరిగే దారిలో వేటగాడు ఉచ్చు పెట్టాలంటే భయపడతాడు.

శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను ఆపేస్తారు. ఈ రూల్ మీద విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను, ఒకప్పుడు నేనూ విసుక్కున్నాను. ఆ రోజు తిరుగు ప్రయాణంలో దోమలపెంట దగ్గర ఆరింటికి ముందే వచ్చి గేటు కోసం నిలబడ్డాం. ఇంజన్ ఆపి అద్దాలు దించితే అడవి కోళ్ల కూతలు, ఎక్కడో దుప్పి అరుపు. గేటు తీశాక మాదే మొదటి బండి. ఒక కిలోమీటరు లోపలే రోడ్డు మధ్యలో కణుజు (సాంబార్ జింక) పేడ పడి ఉంది, ఇంకా ఆవిరి పోతోంది. మా ఆయన స్టీరింగ్ తిప్పి పక్కనుంచి పోనిచ్చారు. అద్దంలోంచి వెనక్కి చూస్తే, మా వెనకాల వచ్చిన లారీ దాని మీంచే వెళ్లింది.