చెవితో చూసే మైక్రోస్కోప్

చిన్నారులకు,

"ఫొటో మసగ్గా వస్తే కంప్యూటర్లో బాగుచేసుకోవచ్చుగా తాతయ్యా?" అని అడిగారు. నేను పనిచేసిన ఫొటోఅకౌస్టిక్ మైక్రోస్కోప్‌లో బొమ్మ తీసే కెమెరా ఉండదర్రా. అది రక్తనాళాలను చెవితో చూస్తుంది.

ఎలుక చర్మం మీద కొన్ని నానోసెకన్ల పాటు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు) లేజర్ మెరుస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ వెలుగును పీల్చుకుని రవ్వంత వేడెక్కుతుంది. డిగ్రీలో వెయ్యోవంతు పెరిగినా చాలు, అక్కడ కణజాలం చటుక్కున ఉబ్బి అల్ట్రాసౌండ్ పుడుతుంది. వెలుగుతో చప్పుడు పుట్టించవచ్చని 1880లోనే గ్రాహంబెల్ కనిపెట్టాడు. ఆ చప్పుడు మైక్రోసెకను (సెకనులో పదిలక్షలో వంతు) ఆలస్యంగా వస్తే, రక్తనాళం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరాన ఉన్నట్టు. లేజర్‌ను చుక్కచుక్కగా జరుపుతూ వింటూ పోతే బొమ్మ తయారవుతుంది.

చిక్కల్లా ఆ చప్పుడు మరీ నీరసంగా ఉండటమే. ఎలక్ట్రానిక్ రొదలో మునిగిపోతుంది. ఒకే చోట 16 సార్లు విని సగటు తీస్తే అసలు చప్పుడు అలాగే నిలుస్తుంది, రొద నాలుగో వంతుకు తగ్గుతుంది. రొద ప్రతిసారీ ఒకేలా ఉండదు కదా, దానిలో అదే కొట్టుకుపోతుంది. కానీ పదహారు రెట్లు సమయం పడుతుంది. ఈలోగా ఎలుక ఊపిరి తీస్తే బొమ్మంతా వంకర!

అందుకని ఫిల్టర్లు వాడతాం. అవసరం లేని పౌనఃపున్యాలను, అంటే చప్పుడులోని కీచు, బొంగురు స్థాయిలను, కోసేస్తాం. ఇక్కడ నేనూ దెబ్బతిన్నాను. సన్న నాళాలది కీచుగొంతు, లావు నాళాలది బొంగురు గొంతు. ఒకసారి ఉత్సాహం కొద్దీ బొంగురు వైపు ఎక్కువ కోసేశాను. లావు నాళం నడుమ ఖాళీ అయిపోయి, అంచులు మాత్రం మిగిలాయి. ఒక నాళాన్ని రెండనుకుని పొద్దంతా టెన్షన్ పడ్డాను.

ఇంకొకటుంది, డీకన్వల్యూషన్. సన్నటి నాళాన్ని కూడా పరికరం కాస్త అలికి చూపిస్తుంది. ఎంత అలుకుతుందో ముందే కొలిచి పెట్టుకుంటే, లెక్కతో వెనక్కి వెళ్లి గీతను పదునెక్కించవచ్చు. అతిగా చేస్తే మాత్రం మిగిలిన రొద కూడా పదునెక్కి, లేని నాళాలు మొలుస్తాయి. నాకు మసకబొమ్మ మీదకన్నా ఇలాంటి అందమైన బొమ్మ మీదే అనుమానం ఎక్కువ.

ముడి సిగ్నల్ ఫైళ్లు అందుకే దాచిపెట్టాను. మీరొచ్చినప్పుడు ముడి బొమ్మనూ, పదునెక్కించిన బొమ్మనూ పక్కపక్కన పెడతాను. ఏ గీత నిజమో, ఏది నేను పుట్టించిందో వెతుకుదురుగాని.

మీ తాతయ్య