12 వోల్టులే కదా!

మా మేనమామకి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, గరిటెలు, సీరియల్ సెట్లు అన్నీ ఒక టాటా ఏస్‌లో ఊరూరా తిరుగుతుంటాయి. ఆ బండి వెనక భాగానికి విజయవాడ ఆటోనగర్‌లో నాలుగు వైపులా రేకులు కొట్టించి డబ్బా బాడీ కట్టించాడు. వానొచ్చినా సామాను తడవదు, దారిలో ఏదీ జారిపోదు. చిక్కల్లా రాత్రిపూటే. పెళ్లయ్యాక సామాను సర్దేసరికి ఎలాగూ అర్ధరాత్రి దాటుతుంది. డబ్బా లోపల చిమ్మచీకటి. కుర్రాళ్లు సెల్‌ఫోన్ నోట కరుచుకుని, ఆ టార్చి వెలుగులో గుండిగలు మోసేవాళ్లు. ఒకసారి పొయ్యి స్టాండు అంచు కనపడక ఒకబ్బాయికి మోకాలు చీరుకుపోయింది. మర్నాడు పొద్దున్నే మామయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, బండిలో ఎల్ఈడీ స్ట్రిప్ వేద్దాంరా. 12 వోల్టులే కదా, నువ్వే చేసెయ్."

ఆ మాటలో సగం నిజమే. 12 వోల్టుల తీగ పొడి చేత్తో పట్టుకుంటే షాక్ కొట్టదు. కానీ వోల్టులు తక్కువైనంత మాత్రాన పని తేలికైపోదు. నిజానికి ఇంట్లో లేని ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

ఎల్ఈడీ స్ట్రిప్ అంటే చిన్న చిన్న ఎల్ఈడీ బుడ్లు వరసగా అతికించిన పల్చటి పట్టీ. మేం కొన్నది 5 మీటర్ల రోలు. మీటరుకు 60 బుడ్లు, 14.4 వాట్లు. మొత్తం కలిపి 72 వాట్లు. ఇంట్లో 230 వోల్టుల మీద ఇంతే వెలుగు కావాలంటే తీగలో పారేది 0.3 ఆంపియర్లు. బండి బ్యాటరీ మీద అదే 72 వాట్లకు 6 ఆంపియర్లు కావాలి. వోల్టులు ఎన్ని రెట్లు తగ్గాయో, కరెంటు అన్ని రెట్లు పెరిగింది. తీగలో జరిగే నష్టం కరెంటును బట్టే ఉంటుంది. పైగా 230లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలీదు. 12లో ఒక వోల్టు పోతే కంటికి కనిపిస్తుంది.

మాకూ కనిపించింది. మొదటిసారి ఇంటి వైరింగులో మిగిలిన 1 స్క్వేర్ ఎంఎం వైరు వాడాం. బ్యాటరీ నుంచి ఛాసిస్ కింద తిప్పి, డబ్బా పైకప్పు దాకా లాగితే 6 మీటర్లు. తిరిగొచ్చే తీగతో కలిపి 12 మీటర్లు. కరెంటుకు తీగ పెట్టే అడ్డును ఓముల్లో కొలుస్తారు. ఆ మందం రాగి తీగకు అది మీటరుకు 0.017 ఓములు, మొత్తం 0.2 ఓములు. స్విచ్ వేశాం. తలుపు వైపు వెలుగు ఒక మోస్తరుగా ఉంది, రోలు చివర మాత్రం పండగ మర్నాటి ప్రమిదలా ఉంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తే స్ట్రిప్ మొదట్లోనే బ్యాటరీ కంటే 0.8 వోల్టు తక్కువ చూపించింది. స్ట్రిప్‌లో ఉండే రాగి పొర కూడా పల్చనిదే కాబట్టి చివరికి వెళ్లేకొద్దీ ఇంకా తగ్గింది.

ఒక వోల్టుకే అంత తేడా ఎందుకు? స్ట్రిప్‌ని దగ్గరగా చూడండి. ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక గీత, పక్కన చిన్న కత్తెర బొమ్మ ఉంటాయి. రెండు గీతల మధ్య మూడు బుడ్లు, వాటి పక్కన కరెంటును అదుపులో పెట్టే ఆవగింజంత రెసిస్టర్లు. ఆ మూడు బుడ్లూ వరసగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. మూడే ఎందుకన్నదాని వెనక పెద్ద కథే ఉంది.

వెలగని స్ట్రిప్ మీద బుడ్లు పసుపుపచ్చగా కనిపిస్తాయి. ఆ పసుపు ఒక ఫాస్ఫర్ పూత. దాని కింద ఉన్నది నిజానికి నీలం ఎల్ఈడీ. నీలం కాంతిలో కొంత భాగాన్ని ఆ పూత తాగేసి పసుపుగా వదులుతుంది, మిగతాది అలాగే బయటికొస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఎరుపు ఎల్ఈడీ 1962లోనే వెలిగింది, నిక్ హోలోన్యాక్ చేతుల్లో. మంచి నీలం కోసం మాత్రం 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. గాలియం నైట్రైడ్ స్ఫటికాలను చక్కగా పెంచడం ఎవరికీ చేతకాలేదు. పట్టు విడవకుండా దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన వీధి దీపం నుంచి జేబులో ఫోన్ దాకా అన్నీ వాళ్ల చలవే. ఎరుపు కంటే నీలం కాంతికి శక్తి ఎక్కువ. అందుకే ఎరుపు బుడ్డికి 2 వోల్టులు సరిపోతే, నీలానికి 3 పైచిలుకు కావాలి.

ఒక్కోదానికి 3.1 అనుకుంటే మూడింటికి 9.3. నాలుగోది పెడితే 12 చాలవు. మిగిలిన 2.7 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి, ఎంత కరెంటు పారాలో తేల్చేది అవే. ఇప్పుడు తీగలో ఒక వోల్టు పోయిందనుకోండి, ఆ కోత దాదాపుగా ఈ 2.7 మీదే పడుతుంది. మిగిలేది 1.7. అంటే వోల్టేజీ 8 శాతం తగ్గితే వెలుగులో మూడో వంతు దాకా పోతుంది. తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాటుతుంది. అప్పుడు రెసిస్టర్ మీద 5 వోల్టులు, కరెంటు దగ్గర దగ్గర రెట్టింపు. కొత్త స్ట్రిప్ ఆర్నెల్లకే అక్కడక్కడా ఆరిపోయిందంటే సరుకు నాసిదని తిట్టేముందు ఇది కూడా చూడాలి.

రెండోసారి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు వేశాం. 11 వచ్చినా 14 వచ్చినా బయటికి 12 మాత్రమే ఇచ్చే చిన్న కన్వర్టర్ మధ్యలో పెట్టాం. రోలును సగానికి కత్తిరించి, పైకప్పుకు రెండు అంచులా ఒక్కో ముక్క అంటించి, రెండింటికీ విడిగా కరెంటు ఇచ్చాం. పొడవు సగమైతే స్ట్రిప్‌లో పారే కరెంటూ సగమే, దారీ సగమే, కాబట్టి నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు వైపులా ఉంటే ఇంకో లాభం, మన నీడ మన పని మీద పడదు. ఒకే బల్బు వీపు వెనక ఉంటే గుండిగలో ఏముందో కనపడదు.

ఫ్యూజు సంగతి నేను గట్టిగా చెప్పాలి. బండికి బాడీ అంతా నెగటివే, మెకానిక్కులు బాడీ ఎర్త్ అంటారు. పాజిటివ్ తీగ తొడుగు అరిగి రేకుకు ఎక్కడ తగిలినా షార్టే. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీ క్షణంలో వందల ఆంపియర్లు వదలగలదు. షాక్ కొట్టని ఆ 12 వోల్టులే తీగను ఎర్రగా కాల్చి, లోపలి షామియానా గుడ్డను అంటించగలవు. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. స్ట్రిప్ దగ్గర పెడితే అక్కడిదాకా ఉన్న తీగకు కాపలా ఉండదు. రేకుకు కన్నం పెట్టిన ప్రతిచోటా రబ్బరు వాషరు తొడగాలి. గతుకుల రోడ్డు మీద ఆ రేకు అంచు రంపంలా పనిచేస్తుంది.

స్ట్రిప్ వెనకుండే జిగురును మే నెల ఎండకు నమ్మకండి. మూసిన డబ్బాలో అది మెత్తబడి జారిపోతుంది. అల్యూమినియం ఛానెల్‌ను రివెట్లతో బిగించి అందులో అంటించాం. వేడినీ అదే లాగేస్తుంది. పెద్ద లారీల వాళ్లు ఇంకోటి గమనించుకోవాలి, అక్కడ ఉండేది 24 వోల్టులు. ఇదే స్ట్రిప్ నేరుగా తగిలిస్తే వెంటనే కాలిపోతుంది.

చివరికి మామయ్యే ఒక మాట అడిగాడు. "కుర్రాళ్లు ఆపడం మర్చిపోతే?" మంచి ప్రశ్న. 6 ఆంపియర్లు రాత్రంతా 8 గంటలు పారితే 48 ఆంపియర్ అవర్లు, చిన్న బండి బ్యాటరీ దాదాపు ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా నాలుగైదుసార్లు పూర్తిగా దిగిపోతే మళ్లీ కోలుకోదు. అందుకే తలుపు చట్రంలో, ఫ్రిజ్‌లో ఉండేలాంటి నొక్కుడు స్విచ్ పెట్టాం. ఇప్పుడు తలుపు తెరిస్తే వెలుగుతుంది, గడియ పెడితే ఆరిపోతుంది.