పన్ను పీకిన గుంటలో నెత్తురు ఎలా తోడుకుంటుంది?

ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క అడిగారు: "దవడపన్ను తీసేశారు. ఉమ్మొద్దు, స్ట్రాతో ఏమీ తాగొద్దు అన్నారు. నోట్లో నెత్తురు ఊరుతుంటే ఉమ్మకుండా ఎట్లా?" మంచి ప్రశ్న. మాత్రల సంగతి డాక్టరు చీటీలోనే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను, నాకు ఇష్టమైనది ఆ గుంటలో జరిగే పని.

పాలు తోడుకోవడం గుర్తు తెచ్చుకోండి. గోరువెచ్చటి పాలలో ప్రోటీను ఉన్నా కంటికి కనపడదు, తోడు పడ్డాక అదే ప్రోటీను ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడుతుంది. నెత్తురులో ఆ ప్రోటీను పేరు ఫైబ్రినోజెన్, లీటరు ప్లాస్మాలో (కణాలు తీసేస్తే మిగిలే నెత్తుటి ద్రవంలో) 2 నుంచి 4 గ్రాములు కరిగి ఉంటుంది. రక్తనాళం తెగగానే తయారయ్యే త్రాంబిన్ అనే ఎంజైమే ఇక్కడ తోడు. అది ఫైబ్రినోజెన్ కొసల్ని కత్తిరిస్తే మిగిలినవి ఫైబ్రిన్ దారాలుగా అల్లుకుని, ఎర్రకణాల్ని, గడ్డకట్టడానికి సాయపడే చిన్న కణాలైన ప్లేట్‌లెట్లను మధ్యలో ఇరికించుకుంటాయి. తర్వాత ప్లేట్‌లెట్లు ఆ దారాల్ని లాగి బిగిస్తాయి, అప్పుడు పసుపుపచ్చటి నీరు బయటికి వస్తుంది, పెరుగు మీద తేలే నీళ్ళలాగే. తోడుకుంటున్న గిన్నెను మాటిమాటికీ కదిపితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు, ఉమ్మినప్పుడూ స్ట్రా పీల్చినప్పుడూ నోట్లో పుట్టే లాగుడు ఆ గుంటకు చేసేదీ అదే. డాక్టరు దూది పెట్టి 30-45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోమనేది కూడా గిన్నె కదలకుండానే. నెత్తుటి చుక్క ఎంతో లాలాజలాన్ని ఎర్రగా చేస్తుంది కాబట్టి చూసి టెన్షన్ పడకండి, నోరు తెరిచి దానంతట దాన్ని జారనివ్వండి, లేదా మింగేయండి.

పోలిక ఒకచోట తెగుతుంది. పెరుగును మళ్ళీ పాలు చేసేది గిన్నెలో ఉండదు, నెత్తుటి గడ్డలో మాత్రం దాన్ని కరిగించే ఎంజైమైన ప్లాస్మిన్‌కు ముడిసరుకు ముందే ఉంటుంది. పన్ను తీసేటప్పుడు ఎముక బాగా దెబ్బతిన్నా, అక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా ప్లాస్మిన్ ఎక్కువగా తయారై గడ్డ ముందే కరిగిపోతుందని 1973లో బిర్న్ అనే దంత పరిశోధకుడు వివరించాడు. అప్పుడు ఎముక బయటపడుతుంది, దాన్నే డ్రై సాకెట్ అంటారు. కింది దవడ చివరి పళ్ళకు ఇది ఎక్కువ. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు మరీ ఎక్కువ, అందుకే కనీసం కొన్ని రోజులు మానేయమని నేను గట్టిగా చెబుతాను.

పైపన్ను పీకిస్తే చూపు పోతుందని మా రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ భయపడతారు. పంటికి వెళ్ళేది ఐదో కపాలనాడి (మెదడు నుంచి నేరుగా వచ్చే నరం) కొమ్మ, చూపుది రెండోది, రెండూ వేరు. ఈ మాట బడిలో పిల్లలకు బొమ్మ వేసి చూపిస్తే ఎంతమంది పెద్దవాళ్ళు నొప్పి ఓర్చుకుంటూ కూర్చోవడం ఆగుతుందో!

తిండి విషయంలో మొదటి రోజు రాగిసంగటి బాగా ఆరనిచ్చి, కారం లేని మజ్జిగతో, రెండో వైపు నమలండి. చెనక్కాయలు వద్దు, ముక్కలు గుంటలో ఇరుక్కుంటాయి. మత్తు దిగేదాకా అసలు ఏమీ నమలకండి, బుగ్గ కొరుక్కున్నా తెలీదు. ఉప్పునీళ్ళు 24 గంటల తర్వాతే, గ్లాసు గోరువెచ్చటి నీళ్ళకు అర చెంచా ఉప్పు, పుక్కిలించకుండా నోట్లో అటూ ఇటూ వాల్చి వదిలేయండి.

నెత్తురు పల్చబడే మందులు వాడేవాళ్ళు వాటిని సొంతంగా ఆపొద్దు. దూది అరగంట చొప్పున రెండుసార్లు కొరికి పట్టినా నెత్తురు ఆగకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. తగ్గాల్సిన నొప్పి మూడో రోజు పెరిగి చెవిలోకి లాగుతుంటే, నోరు వాసన వస్తుంటే అప్పుడూ వెళ్ళండి. గుంట కడిగి లవంగ నూనెలోని యూజెనాల్ కలిపిన మందు పెడితే చాలామందికి అదే రోజు ఉపశమనం వస్తుంది.