చదువులో వెసులుబాటు: ఆదివారం తరగతుల వెనక కథ

మా పెద్దవాళ్ల తరంలో ఒక మాట ఉండేది: "ప్రైవేటుగా కట్టి బి.ఏ. పాసయ్యాడు." బడిపంతులుకి, తాలూకాఫీసు గుమాస్తాకి, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన ఇల్లాలికి డిగ్రీ వచ్చిందంటే సాధారణంగా ఆ దారినే వచ్చేది. ఫీజు కట్టడం, పుస్తకాలు ఎరువు తెచ్చుకోవడం, రాత్రిళ్లు లాంతరు దగ్గర చదువుకోవడం, హాల్ టికెట్ రాగానే సెలవు పెట్టి పక్క ఊళ్లో పరీక్ష రాసి రావడం. వాళ్లకి విశ్వవిద్యాలయం ఇచ్చింది పరీక్ష రాసే అవకాశం ఒక్కటే. పాఠం చెప్పే బాధ్యత మాత్రం తీసుకోలేదు. తప్పితే తప్పు వాళ్లదే.

ఈ రోజు ఉన్నత విద్య గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ‘ఫ్లెక్సిబుల్ లెర్నింగ్’ అనే మాట వినిపిస్తోంది. దానికి మనకు ఎప్పటినుంచో ఉన్న మాట వెసులుబాటు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు, పిల్లల్ని పెంచుతూ చదివేవాళ్లు, చూపు లేనివాళ్లు, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు, మధ్యలో బడి మానేసినవాళ్లు, అందరికీ ఒకే టైమ్ టేబుల్ సరిపోదని గుర్తించి చదువును అందుకు తగ్గట్టు ముందుగానే అమర్చడం. ఇది 2020 జాతీయ విద్యా విధానంతో పుట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. తెలుగు నేల మీద దీనికి నలభై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో గెలుపూ ఉంది, చేతికొచ్చింది జారిపోవడమూ ఉంది.

ప్రైవేటు పరీక్షల తర్వాతి మెట్టు పోస్టులో వచ్చిన పాఠాలు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశ విద్యా వ్యవస్థను పరిశీలించిన 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ దారిని బలంగా సమర్థించింది. కరస్పాండెన్స్, సాయంకాలపు కాలేజీల ద్వారా చదివేవాళ్లు 1986 నాటికి ఉన్నత విద్యలో మూడో వంతు ఉండాలని లక్ష్యం పెట్టింది. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో ఈ కోర్సులు తెరిచాయి. ప్రైవేటుగా కట్టేవాళ్లకు ఇది చాలా పెద్ద మేలు. కనీసం ఇంటికి పాఠం వచ్చింది. కానీ ఆ పాఠం చాలాచోట్ల తరగతి గది నోట్సు అచ్చుకెక్కిన రూపమే. మాస్టారు ఎదురుగా నిలబడి చెప్తున్నప్పుడు వినడానికి రాసుకున్నదాన్ని, ఎదురుగా ఎవరూ లేని మనిషి ఒంటరిగా ఎలా అర్థం చేసుకుంటాడన్న ప్రశ్న ఎవరూ గట్టిగా వేసుకోలేదు. చేరడానికి అర్హత కూడా పాతదే. ఇంటర్ పాసైనవాడికే డిగ్రీ. పదో తరగతి దగ్గర ఆగిపోయిన మనిషికి పోస్టుమాన్ ఏమీ తేలేదు.

ఆ ప్రశ్న వేసుకున్నది బ్రిటన్. లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్ 1963లో, రేడియో టీవీల ద్వారా చదువు చెప్పే విశ్వవిద్యాలయం కావాలని ప్రతిపాదించాడు. 1969లో ఓపెన్ యూనివర్సిటీకి రాజ శాసనం వచ్చింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి. వయసు వచ్చిన ఎవరైనా, పాత సర్టిఫికెట్లు లేకపోయినా, డిగ్రీలో చేరవచ్చు. పాఠాన్ని ఒక ప్రొఫెసర్ ఒంటరిగా రాయడు. విషయం తెలిసినవాళ్లు, బోధన పద్ధతి తెలిసినవాళ్లు, సంపాదకులు, ప్రసార నిపుణులు ఒక బృందంగా కూర్చొని రాస్తారు. చదివేవాడు ఎక్కడ తడబడతాడో ముందే ఊహించి అక్కడ చిన్న ప్రశ్న పెడతారు.

ఈ ఆలోచనను మన దేశానికి తెచ్చి నిలబెట్టినవాళ్లలో మొదటి పేరు ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. రాజనీతిశాస్త్ర ఆచార్యుడు, 1977 నుంచి 1982 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్న కొద్ది నెలల కాలంలో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. రామిరెడ్డి దానికి తొలి వైస్ ఛాన్సలర్. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడితే దానికీ ఆయనే తొలి వైస్ ఛాన్సలర్ అయ్యాడు, ఆ తర్వాత విశ్వవిద్యాలయాలను నియంత్రించే కేంద్ర సంస్థ యూజీసీకి అధ్యక్షుడయ్యాడు. ఢిల్లీ నమూనా మన దగ్గరికి రాలేదు, మన నమూనాయే ఢిల్లీకి వెళ్లింది. ఈ సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పరెందుకో నాకు అర్థం కాదు. అంబేద్కర్ శతజయంతి సందర్భంలో, 1991లో, ఈ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

ఆనాటి ప్రణాళికను దగ్గరగా చూడాలి, ఎందుకంటే వెసులుబాటు అంటే ఏమిటో అందులో ముక్క ముక్కగా కనిపిస్తుంది. సొంత కాలేజీలు కట్టే డబ్బు లేదు. అందుకని ఊళ్లలో అప్పటికే ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చునే బెంచీల మీద ఆదివారం కండక్టర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, దుకాణాల్లో లెక్కలు రాసేవాళ్లు వచ్చి కూర్చున్నారు. అదే కాలేజీ లెక్చరర్లు కౌన్సెలర్లుగా వచ్చేవాళ్లు. పేరులోనే తేడా ఉంది. కౌన్సెలర్ పాఠం మొత్తం చెప్పనక్కర్లేదు, చదివి వచ్చినవాళ్ల అనుమానాలు తీర్చాలి. ఆకాశవాణి పాఠాలను ప్రసారం చేసింది. పుస్తకాలను ప్రతి భాగం మొదట్లో లక్ష్యాలతో, చివర సారాంశంతో, మాదిరి ప్రశ్నలతో రాయించారు. అన్నిటికన్నా పెద్ద విషయం, ఆ పుస్తకాలు తెలుగులో వచ్చాయి.

తెలుగులో రావడం చిన్న విషయం కాదు. అంతకుముందు 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ స్థాయి పాఠ్యపుస్తకాలు తెలుగులో తేవడం మొదలుపెట్టింది. ఇంకా వెనక్కి వెళితే, 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు దానికి ముందే అనువాద సంస్థను నెలకొల్పారు. భాష మార్చాలంటే ముందు పుస్తకం ఉండాలని వాళ్లకు తెలుసు. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ పని తన పాఠాలకు చేసింది. దాని ఫలితం అనుకోని చోట కనిపించింది. గ్రూప్స్‌కి తయారయ్యే తెలుగు మీడియం అభ్యర్థి గదిలోకి వెళ్లి చూడండి, తెలుగు అకాడమీ పుస్తకాల పక్కనే అంబేద్కర్ యూనివర్సిటీ పుస్తకాలు ఉంటాయి. ఆ విశ్వవిద్యాలయంలో ఎన్నడూ చేరనివాళ్లు కూడా వాటిని ఫొటోస్టాట్ తీయించుకొని చదివారు. ఒంటరిగా చదివేవాడి కోసం రాసిన పుస్తకం ఒంటరిగా చదివే అందరికీ పనికొచ్చింది.

ఇక తలుపు. పద్దెనిమిదేళ్లు నిండి, అర్హత పరీక్ష ఒకటి పాసైతే చాలు, ఇంటర్ లేకపోయినా డిగ్రీలో చేరవచ్చు. ఈ ఒక్క నిబంధన ఎంతమంది బతుకుల్ని మలుపు తిప్పిందో మన ఇళ్లలోనే, మన వీధుల్లోనే ఉదాహరణలు ఉన్నాయి. పదో తరగతిలో లెక్కలు తప్పి ఆగిపోయినవాళ్లు, పదిహేనేళ్లకే పెళ్లి చేసేసిన ఆడవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు. చర్లపల్లి వంటి జైళ్లలో స్టడీ సెంటర్లు తెరిచారు. శిక్ష అనుభవిస్తూ చదివినవాళ్లు స్నాతకోత్సవంలో బంగారు పతకాలు అందుకున్నారు. "ఓపెన్‌లో కట్టు" అన్న సలహా ఊళ్లలో మామూలు మాటయింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చేరినంతమంది పూర్తి చేయలేదు. ఆదివారం తరగతికి రావాలంటే బస్సు ఛార్జీ, ఆ రోజు కూలీ రెండూ పోతాయి. పుస్తకాలు ఆలస్యంగా అందిన ఏడాది పరీక్ష ఎలా రాస్తారు? ఆంగ్లం పేపరు దగ్గర ఆగిపోయినవాళ్ల లెక్కే వేరు. ఎవరికి ఏ సాయం కావాలో చేరిన రోజే అడిగి రాసుకొని, అందుకు తగ్గట్టు ఏర్పాటు చేసే పద్ధతి బలపడలేదు. తలుపు తెరవడం మీద పెట్టిన శ్రద్ధ, లోపలికి వచ్చినవాళ్లను చివరిదాకా నడిపించడం మీద పెట్టలేదన్నది నా ఫిర్యాదు.

తర్వాత తలుపే ఇరుకయింది. 1985లో దూరవిద్య డిగ్రీలకు యూజీసీ నిబంధనలు తెచ్చింది. పన్నెండేళ్ల చదువు ఉండాలి, లేదంటే ఇరవై ఒక్క ఏళ్లు నిండి ప్రవేశ పరీక్ష పాసవ్వాలి. రాష్ట్ర చట్టం ప్రకారం నడిచే విశ్వవిద్యాలయం, కేంద్రంలోని యూజీసీ, ఈ రెండిటి మధ్య ఎవరి మాట నెగ్గాలన్న తగువు అక్కడే మొదలైంది. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. డిగ్రీ లేకుండా ఓపెన్‌లో నేరుగా పొందిన పీజీ చెల్లదని, ఓపెన్ యూనివర్సిటీలకూ యూజీసీ నిబంధనలు వర్తిస్తాయని చెప్పింది. 2013లో, అప్పటిదాకా దూరవిద్య కోర్సులను పర్యవేక్షించిన దూరవిద్య మండలిని రద్దు చేసి ఆ అధికారాన్ని యూజీసీ తన చేతిలోకి తీసుకుంది. 2017, 2020 నిబంధనలు ఇంకా బిగించాయి. రెగ్యులర్ కోర్సులతో పాటు దూరవిద్య కూడా నడిపే విశ్వవిద్యాలయాలకు నాక్ (కాలేజీల, విశ్వవిద్యాలయాల నాణ్యతను అంచనా వేసే సంస్థ) మార్కుల గీత పెట్టాయి.

ఈ బిగింపుకు కారణం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. రెండువేల సంవత్సరం తర్వాత దూరవిద్య పేరుతో వీధికో బోర్డు వెలిసింది. ఎక్కడో ఉన్న విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ట్యూషన్ సెంటర్లోనో, జిరాక్సు షాపు పక్కగదిలోనో ఎంబీయేలు, బీటెక్‌లు అమ్మారు. దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు గట్టిగానే తీర్పిచ్చింది. దొంగ సరుకును ఆపాల్సిందే. కానీ అమ్మినవాళ్ల కోసం వేసిన తాళం, నిజాయితీగా అర్హత పరీక్ష రాసి వచ్చే ముప్పై ఏళ్ల మనిషి ముందు కూడా పడింది. ఈ మధ్యకాలపు ఓపెన్ డిగ్రీ ప్రవేశ ప్రకటనల్లో ఇంటర్ గానీ, దానికి సమానమైన చదువు గానీ ఉండాలంటున్నారు.

ఇదంతా దూరవిద్య సంగతి. మామూలు డిగ్రీ కాలేజీలో ఇప్పుడు ఉన్న పిల్లలూ ఒకే రకం కారు. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ అనే ప్రవేశాల వేదిక ద్వారా ఆన్‌లైన్‌లో డిగ్రీ సీట్లు ఇస్తున్నారు. నచ్చిన సబ్జెక్టులు ఎంచుకుని ఒక్కోదానికి క్రెడిట్లు (చదువుకు లెక్కకట్టే పాయింట్లు) సంపాదించే ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టమ్ వచ్చాక సబ్జెక్టులు కలుపుకునే స్వేచ్ఛ కాగితం మీద పెరిగింది. అయితే ఉదయం పాలు పోసి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా బండి మీద భోజనం డెలివరీ చేసే కుర్రాడికి కావలసింది సబ్జెక్టుల బుట్ట కన్నా ముందు టైమ్ టేబుల్. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే ఫీజు రీయింబర్స్‌మెంట్ చిక్కుల్లో పడుతుంది. పోనీ ఓపెన్‌లో చేరదామంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు చెల్లించే విద్యా దీవెన పథకం నిబంధనలు దూరవిద్యను పక్కన పెట్టాయి. చదువుకు వెసులుబాటు, డబ్బుకు వెసులుబాటు ఒకే చోట దొరకవు. ప్రణాళిక వేసేవాళ్లు ఈ రెండిటినీ వేర్వేరు శాఖల ఫైళ్లలో చూసినంతకాలం ఆ కుర్రాడు రెండిటి మధ్యా నలుగుతూనే ఉంటాడు.

భాష సంగతీ అంతే. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని నిర్ణయించింది. ఇంగ్లిష్ రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ తెలుగులో పదో తరగతి, ఇంటర్ చదివినవాడికి మెట్లు కట్టకుండా మేడ ఎక్కమనడం వెసులుబాటు కాదు.

వికలాంగుల విషయంలో మాత్రం చట్టం ముందు నడిచింది. 1995 చట్టం మూడు శాతం సీట్లు ఇచ్చింది. 2016 చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను ఇరవై ఒకటికి, ఉన్నత విద్యలో సీట్లను ఐదు శాతానికి పెంచింది. 2013 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పరీక్షలో గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలి, చెప్పింది రాసిపెట్టే మనిషిని (స్క్రైబ్‌ను) అనుమతించాలి. పరీక్ష హాలు వరకు ఈ ఏర్పాటు వచ్చింది. ఏడాదంతా చదవాల్సిన పుస్తకం వినగలిగే రూపంలో, లేదా తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్ తెలుగులో ఉందా అన్నది వేరే ప్రశ్న. స్కాన్ చేసి పెట్టిన పీడీఎఫ్ చూపు లేని విద్యార్థికి తెల్ల కాగితంతో సమానం. ఈ పని పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు, పుస్తకం తయారుచేసేటప్పుడే తలచుకుంటే అయిపోతుంది.

2020 మార్చిలో కోవిడ్ తలుపులన్నీ ఒకేసారి మూసేసింది. రాత్రికి రాత్రి ప్రతి కాలేజీ దూరవిద్య కాలేజీ అయింది. కానీ దూరవిద్య నలభై ఏళ్లుగా నేర్చుకున్నది వాళ్లకు చేరలేదు. జూమ్‌లో గంటసేపు అదే క్లాసు చెప్పారు. ఇంట్లో ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, గుట్టెక్కితే గానీ రాని సిగ్నల్. పోస్టులో పుస్తకం పంపే పాత పద్ధతే అప్పుడు ఎంతోమందికి మేలుగా ఉండేది.

అదే ఏడాది జాతీయ విద్యా విధానం వచ్చింది. ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్. 2021 నుంచి సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతాయి, సాధారణంగా ఏడేళ్లు నిలుస్తాయి. కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో చదివిన కోర్సులకు నలభై శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చు. తిరిగి రావడానికి దారి ఉంచడం మంచిదే, నేను దాన్ని స్వాగతిస్తాను. నా భయం ఒకటే. ఏడాదికే వెళ్లిపోయేవాళ్లు ఎవరవుతారు? ఇంట్లో డబ్బు లేని ఆడపిల్ల, మొదటి తరం విద్యార్థి. నిన్నటిదాకా చదువు మానేసిందని లెక్కలో కనిపించే పిల్ల, రేపు సర్టిఫికెట్ పొందిందని కనిపిస్తుంది. ఆమె తిరిగి రావడానికి ఎవరు ఫోను చేస్తారు, ఫీజు ఎవరు కడతారు అన్నది విధానపత్రంలో వెతికినా స్పష్టంగా దొరకదు.

ఈ కొత్త వెసులుబాటు అంతా ఇప్పటికే లోపల ఉన్నవాళ్ల కోసం. 1982లో వేసిన ప్రణాళిక బయట నిలబడ్డ మనిషితో మొదలైంది. పదో తరగతితో ఆగిపోయి, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతున్న ముప్పై రెండేళ్ల ఆడమనిషిని తలచుకోండి. ఆ రోజుల్లో అయితే ఒక అర్హత పరీక్ష రాసి, పాసైతే అదే ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరం పుస్తకాలు చేతికి తీసుకునేది. ఇప్పుడు ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టాలి, అందులో తప్పిన సబ్జెక్టులు మళ్లీ రాసుకోవాలి, ఆ మెమో పట్టుకొని డిగ్రీకి దరఖాస్తు చేసేనాటికి పెద్దపిల్ల పదో తరగతికి వస్తుంది.